తారీఖు వేసిన అడుగు

అచ్చులాయన ఎవరితో మాట్లాడినా తల వంచుకునే మాట్లాడతాడు. కొత్తవాళ్ళు అది వినయమనుకుని మురిసిపోతారు. వినయమూ లేదు, పాడూ లేదు. ఎదుటివాళ్ళ కాళ్ళకేమున్నాయో చూస్తుంటాడు, అంతే. చెప్పు ఏ పక్క అరిగింది, మడమ దగ్గర గాడి ఎంత మిగిలింది, ఆ అచ్చు ఎవరు చెక్కి ఉంటారు, ఇవన్నీ తేలాక గానీ మనిషి మొహం చూడడు. అప్పటికి సగం మంది వెళ్ళిపోయి ఉంటారు. కూతురు తను చేసుకోబోయే కుర్రాణ్ణి మొదటిసారి ఇంటికి తీసుకొచ్చినప్పుడూ ఇదే వరస. వాళ్ళు వెళ్ళాక "కుర్రాడు ఎలా ఉన్నాడండీ?" అని ఇంటావిడ అడిగితే, "రెండు మడమలూ సమంగా అరిగాయి, నిలకడైనవాడే" అన్నాడట. ఆ కుర్రాడే ఇప్పుడు అల్లుడు. మొహం గుర్తుపట్టడానికి మామగారికి చాలా రోజులు పట్టిందని ఇప్పటికీ నవ్వుతూ చెబుతుంటాడు.

ఆయన పని చెప్పుల ఫ్యాక్టరీలో అచ్చులు చెక్కడం. చెప్పు అడుగున పువ్వులో గళ్ళో గీతలో కనబడాలంటే, ముందు ఎవరో ఒకరు ఇనప దిమ్మలో వాటిని తిరగేసి చెక్కాలి. ఆ దిమ్మ మీద వేడి రబ్బరు పెట్టి ప్రెస్సుతో నొక్కితే అడుగు తయారవుతుంది. పైన మెరిసే పట్టీని కొట్టులో అందరూ చేతిలోకి తీసుకుని చూస్తారు. కిందిదాన్ని తిప్పి చూసేవాడు ఒక్కడుంటే గొప్ప. దాని అందం నేలకే తెలియాలి. అయినా అచ్చులాయన కింద గీతని కంటికి కాటుక పెట్టినంత శ్రద్ధగా చెక్కేవాడు. ఎవరి కోసమయ్యా ఈ తిప్పలు అంటే అడిగినవాడి చెప్పుల వంక చూసేవాడు.

అచ్చులు చెక్కేవాళ్ళలో ఒక పద్ధతి ఉంది. కొత్త అచ్చులోంచి వచ్చిన మొదటి జత కొట్టుకి పోదు, చెక్కినవాడి ఇంటికి పోతుంది. ఇంట్లో ఎవరో ఒకరు దాన్ని వేసుకుని తిరిగి తిరిగి అరగదీయాలి. ఏ గీత ముందు చెరుగుతుందో, ఏది నిలుస్తుందో అప్పుడు తెలుస్తుంది. దాన్ని బట్టి అచ్చు దిద్దుకుంటారు. అచ్చులాయన ఇంట్లో ఆ పని ఇంటావిడది. చిన్నప్పుడెప్పుడో ఎముక విరిగి సరిగా అతుక్కోక, ఎడమకాలు కాస్త బయటికి తిప్పి ఈడ్చుతూ నడిచేది. "నా కాలికి నిలిచిందంటే ఈ భూమ్మీద ఏ కాలికైనా నిలుస్తుంది, ధైర్యంగా పాస్ చేసెయ్యండి" అనేది. కొత్త జత వేసుకుని వీధి కుళాయి దాకా పోయి వచ్చి, కాలు ఎత్తి అడుగు చూపించేది. ఆ చూపించడంలో ఒక దర్జా ఉండేది.

ఆయన చెక్కినవాటిలో బాగా పేరొచ్చిన గీత పుట్టింది కూడా ఆవిడ చేతిలోంచే. ఒక పొద్దున వాకిలి ఊడుస్తుంటే తడి మట్టి మీద చీపురు గీతలు పడ్డాయి. విసనకర్ర విప్పినట్టు ఒక అర్ధచంద్రం, దాని అంచు మీద ఇంకొకటి, దాని మీద మరొకటి. అచ్చులాయన కాఫీ గ్లాసు పట్టుకుని మెట్టు మీద కూర్చుని చూస్తూ ఉండిపోయాడు. కాఫీ చల్లారిపోయింది. "ఎన్నడూ చూడనట్టు ఏమిటా చూపు?" అని ఆవిడ సిగ్గుపడింది. తనని కాదు, నేలని చూస్తున్నాడని తెలిశాక చీపురు చూపించి బెదిరించింది. ఆ వారమంతా ఆయన అదే చెక్కాడు. మొదటి జత ఇంటికి తెచ్చి తిరగేసి చూపించగానే, "నేను ఊడ్చిన వాకిలిని చెప్పు కిందికి తీసుకుపోయారా!" అని పకపకా నవ్వింది. ఫ్యాక్టరీలో మాత్రం దానికి అలల డిజైన్ అని పేరు పెట్టారు. చీపురు డిజైన్ అంటే ఎవడు కొంటాడు?

ఆ రోజుల్లోనే కుళాయి చుట్టూ వీధికి సిమెంటు వేశారు. వేసింది పక్కింటి తాపీమేస్త్రీ. ఆయన అచ్చులాయన్ని అన్నయ్యా అంటాడు, ఆవిణ్ణి వదినా అనేవాడు. సిమెంటు నునుపు చేసి చేతులు కడుక్కుంటున్నాడో లేదో, ఇంట్లో పాలు పొంగుతున్న వాసన రావడం, కుళాయి దగ్గర కబుర్లలో ఉన్న ఆవిడ పరుగు తీయడం ఒక్కసారే జరిగాయి. "వదినా, ఆగు!" అని మేస్త్రీ అరిచేసరికే రెండడుగులు పడిపోయాయి. మూడోది ఎక్కడ వెయ్యాలో తెలియక ఆవిడ కొంగలా ఒంటికాలి మీద నిలబడింది. వీధంతా నవ్వింది. పాలు ఎలాగూ పోయాయి.

మేస్త్రీ తాపీ తీసుకుని గుర్తులు చెరిపెయ్యబోయాడు. అచ్చులాయన లోపలినుంచి వచ్చి చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఉండనీ, ఉండనీ. ఎంత బాగా పడిందో చూడు! మా ప్రెస్సు మీద కూడా ఇంత శుభ్రంగా రాదు." నిజంగానే ఒక్కో గీతా విడివిడిగా, అర్ధచంద్రం మీద అర్ధచంద్రం, ముద్ర గుద్దినట్టు పడ్డాయి. తన పని తనకే ముద్దొచ్చింది ఆయనకి. చెక్కేవాడి కక్కుర్తి అది. మేస్త్రీ స్థానంలో మరొకడైతే, తప్పుకోవయ్యా వీధి పాడైపోయిందని తిట్టేవాడు. మేస్త్రీకి తను వేసిన ప్రతి పనికీ పుల్లతో తారీఖు గీసే అలవాటు. ఎడమ మడమకి ఆనించి రోజు, నెల, సంవత్సరం గీశాడు. "వదిన సంతకం, నా తారీఖు" అన్నాడు.

ఆ చలికాలంలో ఫ్యాక్టరీవాళ్ళు ఆ డిజైన్‌ని రిజిస్టర్ చేయించారు. అలాంటి గీత ఇంకెవరూ చెప్పు అడుగున వాడకూడదని కాగితం వచ్చింది. దాన్ని అద్దం కట్టించి ఆఫీసు గోడకి తగిలించారు. ఆ మరుసటి ఏడు ఆవిడ పోయింది. జ్వరమన్నారు, తగ్గిందన్నారు, మళ్ళీ వచ్చిందన్నారు. అరగదీయాల్సిన ఒక కొత్త జత గుమ్మం పక్కన అలాగే ఉండిపోయింది.

అప్పట్నుంచీ కుళాయికి వెళ్ళినప్పుడల్లా ఆయన ఆ రెండడుగుల పక్కనుంచి నడుస్తాడు. తొక్కడు. కుడి అడుగు బకెట్లు పెట్టి పెట్టి అరిగిపోయింది. ఎడమది మాత్రం పడిననాడు ఎలా ఉందో అలాగే ఉంది, కాస్త బయటికి తిరిగి, మడమ అంచు ఒక పక్కకి ఈడ్చుకుని. ఫోటోల్లో ఆవిడ ఎప్పుడూ బిగుసుకుని నిలబడేది, ఎవరో కోప్పడ్డట్టు. ఆవిడ ఆవిడలా ఉన్నది అక్కడొక్కచోటే.

ఇలా ఉండగా వంతెన అవతల ఇంకో చెప్పుల ఫ్యాక్టరీ అదే అలల అడుగు వేసి చవగ్గా అమ్మడం మొదలుపెట్టింది. ఇక్కడ సరుకు కదలడం మానేసింది. ఒక ప్రెస్సు ఆపేశారు. దాని మీద పనిచేసే అల్లుడు సగం రోజులు ఇంట్లోనే కూర్చుని గోళ్ళు గిల్లుకుంటున్నాడు. పట్టీలు కుట్టే విభాగంలో ఉన్న కూతుర్ని, ఉంచాలో వద్దో వచ్చే నెల చూద్దాం అన్నారు. చిన్నసారు కోర్టుకెళ్ళాడు. చిన్నసారంటే పాత యజమాని కొడుకు. అచ్చులాయన భుజాల మీద ఎక్కి పెరిగిన పిల్లాడు. ఇప్పటికీ నలుగురూ లేనప్పుడు బాబాయ్ అనే పిలుస్తాడు.

ఫ్యాక్టరీ తరఫు వకీలు అచ్చులాయన్ని ఆఫీసుకి పిలిపించాడు. ఆయన బూట్లు కొత్తవి, అడుగున నాసిరకం అచ్చు. అచ్చులాయన అవి చూస్తూ కూర్చున్నాడు.

"చూడండి పెద్దాయనా, చట్టం చాలా తేలిక. డిజైన్ అంటే ముస్తాబు. జారకుండా పెట్టిన గాడికి హక్కు లేదు, చూడ్డానికి బాగుండే గీతకే హక్కు. కాబట్టి అడిగితే అందం కోసమే చెక్కానని చెప్పండి."

"అందం కోసమేనండి."

"మంచిది. రెండోది అసలైంది. మనం దరఖాస్తు పెట్టేనాటికి ఆ గీత కొత్తదై ఉండాలి. అంతకుముందు బయట ఎక్కడా ఎవరి కంటా పడి ఉండకూడదు. పడిందని తేలితే రిజిస్ట్రేషన్ మొత్తం గాల్లో కలిసిపోతుంది. అవతలివాళ్ళు అదే వెతుకుతున్నారు. పాత డబ్బాలు, పాత ఫోటోలు, ఏది దొరికితే అది. బయటికి పోలేదుగా?"

"లేదండి. మొదటి జత ఇంటికే వెళ్ళింది" అన్నాడు అచ్చులాయన. వాళ్ళ పనిలో ఇల్లంటే ఫ్యాక్టరీలో ఇంకో గది కిందే లెక్క. మొదటి జత వేసుకున్న ఇంటావిణ్ణి బయటి మనిషని ఏ అచ్చులాయనా అనుకోడు. వకీలు తల పైకెత్తి, ఆ మాట మళ్ళీ అనకండి అన్నాడు. ఎందుకో అచ్చులాయనకి అప్పుడు అర్థం కాలేదు.

ఇంటికి తిరిగొస్తూ కుళాయి దగ్గరికి వచ్చేసరికి అర్థమైంది. చీపురు గీతలు, వాటి పక్కన తారీఖు. దరఖాస్తు పెట్టింది చలికాలంలో, ఈ తారీఖు అంతకుముందు ఎండాకాలానిది. మొత్తం వీధి మధ్యలో, ఎవడైనా వచ్చి చదువుకోవచ్చు. వీధి పిల్లలు దాని మీద తొక్కుడుబిళ్ళ ఆడుతున్నారు.

మర్నాడు నీళ్ళ డ్రమ్ము ఒకటి దొర్లించుకొచ్చి దాని మీద పెట్టాడు. కుళాయి దగ్గర ఆడవాళ్ళు ఊరుకుంటారా? "బాబాయిగారూ, మా బకెట్లు మీ నెత్తిన పెట్టుకోమంటారా?" అని డ్రమ్ముని పక్కకి నెట్టేశారు. పాత గోనెపట్టా కప్పాడు. దాని మీద కుక్క వచ్చి పడుకుంది. కుక్కని తోలితే పట్టా తీసుకునే పోయింది. ఆయన కాలుకాలిన పిల్లిలా గుమ్మానికీ కుళాయికీ మధ్య తిరిగాడు. కొత్త మొహం వీధిలోకి వస్తే చాలు, వంతెన అవతలి మనిషేమో అనిపించేది. మింగుడు పడక, చివరికి తనే వెళ్ళి చిన్నసారుకి చెప్పేశాడు. చెప్పకుండా ఉండి ఉంటే బాగుండేదేమో. కానీ ఆ మనిషికి కడుపులో మాట దాచుకోవడం అప్పటికింకా చేతకాదు.

చిన్నసారు స్కూటర్ మీద వచ్చాడు. ఎడమ అడుగు ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఒక గీత వెంట వేలు పోనిచ్చాడు.

"పిన్నిదేనా?"

"అవును బాబూ."

"ఎంత శుభ్రంగా పడింది" అన్నాడు. తండ్రి పోలిక, పనిని చూస్తే మెచ్చకుండా ఉండలేడు. తర్వాత లేచి ప్యాంటు దులుపుకున్నాడు. "బాబాయ్, నేను నిన్నేమీ అడగను. అడిగితే పిన్ని నన్ను క్షమించదు. ఈ వీధి బాగా దెబ్బతింది, కుళాయి దగ్గర నీళ్ళు నిలుస్తున్నాయి. ఫ్యాక్టరీ తరఫున మొత్తం పగలగొట్టించి కొత్త సిమెంటు వేయిస్తాను. అంతే." ఈ మాట అంటున్నప్పుడు అతను బాబాయి మొహం వంక చూడలేదు. చెడ్డవాడైతే తిట్టుకోవడానికి వీలుండేది.

వీధిలో ఆ కబురు తెలిసేసరికి ఎవరూ నేల మీద నిలవలేదు. ఎన్నాళ్ళనుంచో ఎవరికి మొరపెట్టుకున్నా కాని పని, అడక్కుండా అయిపోతోంది. "అంతా మీ చలవే బాబాయిగారూ" అని డ్రమ్ము నెట్టినావిడే వచ్చి చెప్పింది. కూతురు సాయంత్రం వచ్చింది. విషయం అల్లుడి ద్వారా కొంచెం తెలిసినట్టుంది.

"నాన్నా, మనం అన్నం తినేది ఆ ప్రెస్సు మీద. నాకూ బాధే. కానీ అమ్మ ఆ సిమెంటులో ఉందా చెప్పు?"

ఉందమ్మా అనాలని నోటిదాకా వచ్చింది. కూతురి చెప్పుల వంక చూశాడు. మడమలు పూర్తిగా అరిగిపోయి, కింద పిన్నీసు గుచ్చిన పట్టీ కనబడుతోంది. చెప్పుల ఫ్యాక్టరీలో పనిచేసే పిల్లకి మంచి చెప్పుల్లేవు. అడకత్తెరలో పోకచెక్కయిపోయింది ఆయన బతుకు. రెండు పక్కలా ఉన్నది అయినవాళ్ళే.

పగలగొట్టే పని పక్కింటి తాపీమేస్త్రీకే వచ్చింది. ముందురోజు గుమ్మం ముందు నిలబడి అడిగాడు. "అన్నయ్యా, వదిన అడుగు ఉన్న పలక జోలికి వెళ్ళను. చుట్టూ వేసుకుంటూ పోతాను. చక్కగా గట్టు కట్టి వదిలేస్తాను."

ఎవరూ బలవంతపెట్టలేదు. చిన్నసారు లేడు, వకీలు లేడు. చెప్పాల్సింది తనే.

"వద్దు. మొత్తం తీసెయ్."

"ఏమంటున్నావు?"

"వీధంతా ఒక్కలా ఉంటే బాగుంటుంది. తీసెయ్."

మేస్త్రీ ఆయన మొహం చూశాడు. తర్వాత వాకిట్లో ఉమ్మేసి, "ఆవిడ నీకు వండిపెట్టిన అన్నం ఎలా అరిగిందయ్యా నీకు" అని వెళ్ళిపోయాడు. అన్నయ్యా అనలేదు. ఆ తర్వాత ఎప్పుడూ అనలేదు.

ఆ మధ్యాహ్నం ఎండకి వీధి ఖాళీ అయింది. అచ్చులాయన డ్రమ్మూ బకెట్టూ తెచ్చి కుళాయి దగ్గర బట్టలుతుకుతున్నట్టు కూర్చున్నాడు. అప్పటికి ఆయనకి తోచింది ఒక్కటే, చేతికి వచ్చిన పని. ఎడమ అడుగులో దుమ్మంతా మెత్తని బ్రష్‌తో తుడిచాడు. పాపిట దువ్వినట్టు ఒక్కో గీతా తుడిచి, నూనె రాశాడు. చుట్టూ బంకమట్టితో గట్టు కట్టబోయి ఆగిపోయాడు. తారీఖు. తారీఖు వదిలేసి కడదామని చూశాడు. మేస్త్రీ దాన్ని మడమకి ఆనించి గీశాడు కదా, ఈడ్చుకున్న అంచు సరిగ్గా అంకెల్లోకి జరిగింది. తారీఖు వదిలేస్తే ఆ అంచు పోతుంది. ఆ అంచు పోతే అది ఎవరి అడుగైనా కావచ్చు. తారీఖుతో సహా గట్టు కట్టి, బకెట్టులో కలిపిన ప్లాస్టర్ పోశాడు. మీద డ్రమ్ము అడ్డం పెట్టి, ఉతికిన చొక్కానే మళ్ళీ మళ్ళీ ఉతుకుతూ గట్టిపడేదాకా కూర్చున్నాడు. జీవితంలో వేలకొద్దీ అచ్చులు చేసిన చేతులు ఆ ఒక్కదాన్ని పైకి లేపడానికి అంచు చుట్టూ రెండుసార్లు తడుముకున్నాయి.

తువ్వాలులో చుట్టి ఇంట్లోకి తెచ్చి తిప్పి చూసుకున్నాడు. గుంట పైకి లేచి అడుగైంది. ఆవిడ కాలు ఎత్తి చూపించినట్టే ఉంది. మంచం మీద పెట్టుకుని, అరచెయ్యి దాని కింద ఆనించి, గట్టిగా ఏడ్చాడు. బయట ఎవరో కుళాయి తిప్పిన చప్పుడైతే నోట్లో తువ్వాలు కుక్కుకున్నాడు.

మర్నాడు సుత్తి దెబ్బలు వినబడుతుంటే ఫ్యాక్టరీకి వెళ్ళిపోయాడు.

కోర్టులో ఆయన వంతు తొందరగానే అయిపోయింది. అవతలి వకీలుకి చేతిలో ఏమీ లేదు, ఊరికే విసురుతున్నాడు. "ఆ అడుగు దరఖాస్తుకి ముందు ఫ్యాక్టరీ గేటు దాటి ఎక్కడా కనబడలేదంటారు. ఏ వీధిలోనూ, ఏ నేల మీదా దాని గుర్తు లేదంటారు?" అన్నాడు. అచ్చులాయన అలవాటు ప్రకారం తల వంచుకుని ఆ వకీలు బూట్లు చూశాడు. న్యాయమూర్తి గట్టిగా చెప్పమన్నారు.

"లేదండి" అన్నాడు.

గెలిచారు. ఆగిన ప్రెస్సు మళ్ళీ తిరిగింది. అల్లుడు పనిలోకి వెళ్ళాడు, కూతురి ఉద్యోగం నిలబడింది. చిన్నసారు ఆఫీసులో అందరి ముందూ బాబాయ్ అని పిలిచి భుజం మీద చెయ్యి వేశాడు. గోడ మీద అద్దం కట్టిన కాగితం కింద నిలబెట్టి ఫోటో కూడా తీశారు. అందులో అచ్చులాయన బిగుసుకుని, ఎవరో కోప్పడ్డట్టు నిలబడి ఉన్నాడు.

ఇంట్లో మాత్రం ఆయనకి ఊపిరాడదు. మంచం కింద రేకు పెట్టెలో, పాత దుప్పట్ల మధ్య ఆవిడ అడుగుంది. ఒక్కడే ఉన్నప్పుడు తలుపు గడియ పెట్టి, కిటికీ మూసి తీసి చూసుకుంటాడు, పక్కవాడి సొమ్ము దొంగిలించి తెచ్చుకున్నట్టు. ఆ తారీఖుతో అది కోర్టులో పడితే, ఫ్యాక్టరీ పోతుంది, తన మాట అబద్ధమవుతుంది. ఉలి తీసుకుని ఆ అంకెలు చెక్కెయ్యాలని కూర్చున్న రోజులున్నాయి. ఈడ్చుకున్న మడమ దగ్గరికి వచ్చేసరికి ఉలి కదలదు. ఇల్లు వదిలి ఎక్కడికీ వెళ్ళడు. కూతురు నాలుగు రోజులు మా ఇంట్లో ఉండు నాన్నా అంటే, నా మంచం మీద గానీ నిద్ర పట్టదమ్మా అంటాడు.

ఒక ఆదివారం కూతురు వచ్చింది. వస్తూ వస్తూ కుళాయి దగ్గర ఆగిపోయింది. గుమ్మంలోంచి అచ్చులాయన చూస్తున్నాడు. కొత్త సిమెంటు నున్నగా, ఎక్కడా ఒక్క గీతైనా లేకుండా మెరుస్తోంది. ఆ పిల్ల వంగి, ఇక్కడా అక్కడా అని చేత్తో తడుముకుంది. లోపలికి వచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తిన్నగా మంచం మీద కూర్చుంది. కాళ్ళు రేకు పెట్టెకి తగులుతున్నాయి.

"ఎక్కడుండేదో కూడా మర్చిపోతున్నాను నాన్నా. అప్పుడు నేనే తీసెయ్యమన్నాను. నన్ను చూస్తే నాకే అసహ్యంగా ఉంది. అమ్మ నడక నా కళ్ళ ముందు సరిగా రావట్లేదు, ఎడమకాలు ఎంత తిప్పేదో గుర్తు రావట్లేదు." ముక్కు తుడుచుకుంది. "పగలగొట్టే ముందు దాన్ని ఏదోలా తీసి ఉంచావా? నీకు చేతనైన పనేగా. చిన్న ముక్కైనా ఉంచావా నాన్నా?"

చెబితే ఈ పిల్ల దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తుంది, ఆ ఏడుపు మొగుడు చూస్తాడు, మొగుడు ప్రెస్సు దగ్గర ఎవరితోనో అంటాడు. లేదా ఎవరికీ చెప్పకుండా తనలాగే గడియ పెట్టుకుని బతుకుతుంది. అచ్చులాయన తల వంచుకుని కూతురి కాళ్ళ వంక చూశాడు. కొత్త చెప్పులు, అలల అడుగు. ఎడమది అప్పుడే ఒక పక్కకి కాస్త అరుగుతోంది.

"లేదమ్మా" అన్నాడు.